వాళ్లది పెండింగ్, మనది నేరం

పెండింగ్. ఈ ఇంగ్లిష్ మాట బడి ముఖం చూడని అవ్వకు కూడా తెలుసు. పింఛను కోసం తిరిగి తిరిగి నేర్చుకుంది పాపం. ఇంకా తేలనిది అని నిఘంటువు అర్థం. ఆఫీసు గుమ్మం దాటితే 'తేల్చం, పోవోయ్' అని అర్థం.

అందరికీ ఒకే అర్థం అనుకునేరు! బండి మీద చలానా పెండింగ్ ఉందా? నడిరోడ్డు మీద దొంగను పట్టినట్టు పట్టుకుంటారు. హైదరాబాద్‌లో ఆస్తిపన్ను పెండింగా? నెలకు 2 శాతం వడ్డీ. కరెంటు బిల్లా? ఫ్యూజు పీకేస్తారు. మరి సర్కారే మనకు స్కాలర్‌షిప్పు బాకీ పడితే? వడ్డీ లేదు. పీకడానికి ఫ్యూజూ లేదు. సిగ్గు మొదట్నుంచీ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ చూడండి. కట్టాల్సింది సర్కారు. కట్టనిది సర్కారు. సర్టిఫికెట్లు మాత్రం కాలేజీ బీరువాలో బందీ. ఉద్యోగం వచ్చిన పిల్ల అప్పుచేసి ఆ ఫీజు తానే కట్టి వాటిని విడిపించుకోవాలి. ఎగ్గొట్టినవాడేమో వేదికెక్కి 'విద్యే మా ప్రాధాన్యం' అంటాడు. ఎవరి చెవిలో పువ్వులు స్వామీ?

బాకీలే కాదు, హామీలూ పెండింగే. కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో శంకుస్థాపన. 2018లో ఇంకోటి. 2019లో మరోటి. 2023లో మళ్లీ. మధ్యలో 2014 రాష్ట్ర విభజన చట్టం, ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు చూడమని కేంద్ర సంస్థ సెయిల్‌కు చెప్పింది. చూస్తూనే ఉన్నారు! రాళ్లకు కొదవ లేదు, కొబ్బరికాయలకు కొదవ లేదు. పోటీపడి కొట్టారు. ఏ పార్టీ వెనక్కి తగ్గిందని?

పోనీ, ఎందుకు పెండింగో అడుగుదామా? 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల జరిమానా, 25 వేలు మించకుండా. చదవడానికి కమ్మగా ఉంది కదా? ఆ జరిమానా వేయాల్సింది సమాచార కమిషన్. తెలంగాణ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేకుండా గడిపింది. కుర్చీలుండేవి. బోర్డుండేది. అప్పీళ్లు బోలెడు. అన్నాళ్లూ కూర్చునేవాడి నియామకమే పెండింగ్. దీన్నిబట్టి, పాలకులకు ప్రశ్నంటే ఎంత ముద్దో తెలియడం లేదూ?

అన్నీ ఇలాగే నత్తనడకన సాగుతాయని నింద వేయకండి. 2016 మార్చిలో రెండు తెలుగు శాసనసభలూ సభ్యుల జీతభత్యాలు పెంచుకున్నాయి. తెలంగాణలో నెలకు రెండున్నర లక్షలు. ఆ ఫైలుకు 'సార్ సీట్లో లేరు' అడ్డు రాలేదు. 'సర్వర్ డౌన్' అడ్డు రాలేదు. దాన్ని మోసిన గుమస్తా ఎవరో కాస్త చెప్పండి బాబూ, పిల్లల స్కాలర్‌షిప్పు ఫైలు కూడా ఆయన చేతిలోనే పెడదాం.