లేని మొగుడి హాజరు

కాపురం వదిలేసిన మొగుడు పోయాడనుకోవడం ఆడవాళ్ళ అమాయకత్వం. పోయింది ఇంట్లోంచే. వార్డు సచివాలయం కంప్యూటర్లో భేషుగ్గా ఉన్నాడు. పైసా పంపకపోయినా హౌస్‌హోల్డ్ మ్యాపింగులో, వదిలేసిన ఆవిడ పక్కనే కూర్చున్నాడు. ఆయనగారు ఎక్కడో కారు కొంటే, ఇక్కడ బెజవాడ సింగ్‌నగర్ అద్దె పోర్షన్లో ఆవిడ కారున్న ఇల్లాలై పథకాలకు అనర్హురాలవుతుంది. పేరు తీసెయ్యండి బాబూ అంటే విడాకుల కాగితం తెమ్మంటారు. దానికి కోర్టు, వకీలు, వాయిదాకో రోజు జీతం.

ఆ పథకాల్లో 'తల్లికి వందనం' మంచి పేరే. 2025లో పిల్లాడికి 15,000 అని, బడి నిర్వహణకు 2,000 పట్టుకుని, 13,000 తల్లి ఖాతాలో వేశారు. పిల్లాడికి బడిలో 75 శాతం హాజరుండాలి. తండ్రికి ఇంట్లో ఎంతుండాలో ఎవరూ రాయలేదు. ఒంటరి మహిళకు పింఛను నెలకు 4,000 ఉంది, కాదనను. కానీ ముప్పై ఏళ్ళకే మొగుడు వదిలేస్తే, ఆవిడ తొందరపడి ఒంటరైనట్టు లెక్క.

మొగుడి ఊసెత్తకుండా ఆవిడ గడప దాటి లోపలికొచ్చింది ఒక్క బుడమేరు వరదే, 2024 సెప్టెంబరులో. ఆవిణ్ణి ఆ ఊసు లేకుండా ఉచితంగా ఎక్కించుకునేది ఆర్టీసీ బస్సు, 2025 ఆగస్టు 15 నుంచి, ఆధార్ చూపిస్తే చాలు.

ఇలాంటావిడకు పొదుపు పాఠాలు చెప్పే పెద్దమనుషులకు కొదవలేదు. బీసెంట్ రోడ్డు బట్టలకొట్టులో పొద్దస్తమానం నిలబడి, చీకటి పడ్డాక పటమట రైతుబజారుకెళ్ళి వాడిన వంకాయలు బేరమాడుతుంది. పప్పు తగ్గుతుంది, సొరకాయ ముక్కలు పెరుగుతాయి. పిల్లాడి నిక్కరు రెండేళ్ళ పొడుగు కుట్టించి, ఏటా ఓ మడత విప్పుతుంది. ఉచిత సిలిండరుకు ముందు డబ్బు కట్టి, తర్వాత ఖాతా వంక చూస్తుంది. ప్రభుత్వాల లోటు బడ్జెట్‌కి ప్రపంచ బ్యాంకు వస్తుంది, ఆవిడ లోటుకి వారం వడ్డీవాడొస్తాడు. మధ్యలో డ్వాక్రా కిస్తీ. ఇవన్నీ దాటాక ఎవరో అడుగుతారు, "మగదిక్కు లేకుండా ఎలా నెట్టుకొస్తున్నావమ్మా?"

మగదిక్కు సంగతే అయితే, పెళ్ళికాని తల్లి, తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015లో సుప్రీంకోర్టు అంది. ఆ కబురు ఢిల్లీ నుంచి ఏ పాసింజరు బండెక్కిందో, బెజవాడ ఇంకా చేరలేదు.

మొన్న ఆవిడ ఇల్లు మారింది. ఓనరు అలవాటుగా అడిగాడు.

"మీవారెక్కడుంటారమ్మా?"

"సచివాలయంలో ఉంటారండీ."

ఉద్యోగమనుకున్నాడు. అడ్వాన్సులో ఓ నెల తగ్గించాడు కూడా.