పాలక్యాను పట్టుకుని బయల్దేరండి

షుగరో బీపీయో బయటపడి డాక్టరుగారు నడవమన్నారా? అయితే ముందుగా ఒక పని చేయండి. రేపటినుంచి నడుస్తానని ఎవరికీ మాటివ్వకండి, మీకు మీరు కూడా ఇచ్చుకోకండి. ఈ సలహా వినగానే మా ఇంట్లోవాళ్లే తప్పుపట్టారు. కానీ నేను నాలుగుసార్లు అలా మాటిచ్చి, నాలుగుసార్లూ నెల తిరక్కుండా మానేశాను. ఐదోసారి ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టిన నడక ఏడేళ్లుగా సాగుతోంది.

పట్టుదల ఏడాది పొడుగునా ఉండేది కాదు. కోతల రోజుల్లో ఉండదు, పెళ్లిళ్ల సీజన్లో ఉండదు, రోహిణీకార్తెలో అసలే ఉండదు. మా నాగాయలంకలో ఆ ఎండకి సముద్రపు ఉక్క కూడా తోడవుతుంది. కాబట్టి పట్టుదలను నమ్ముకోకండి. ఆరోగ్యం కోసమైతే నడవనే వద్దు. నడవకపోతే ఆగిపోయే పని ఒకటి నెత్తిన వేసుకోండి.

నేను పాల పని వేసుకున్నాను. మా వీధి చివరే పాలు దొరుకుతాయి. అయినా అక్కడ పోయించుకోను. కరకట్ట దాటి, కాలవగట్టు వెంబడి వెళ్తే గేదె ఉన్న ఇల్లొకటి వస్తుంది. పోనూ రానూ అరగంట. సాయంత్రం నాలుగున్నరకల్లా స్టీలుక్యాను పట్టుకుని బయల్దేరతాను. ఆ ఇంటి పెద్దమ్మ అప్పుడే పిండి తెచ్చిన పాలు కొలతగిన్నెతో పోస్తుంది, నురగ తీసేసి మళ్లీ కాస్త వేస్తుంది. వచ్చేటప్పుడు ఆ క్యాను వెచ్చగా తొడకు తగులుతూ ఉంటుంది. ఒకరోజు బద్ధకించి వెళ్లకపోతే ఫోను చేసింది. “ఏరా అబ్బాయ్, ఇవాళ పాలొద్దా? దూడకి వదిలెయ్యమంటావా?” ఆ మాటకు చెప్పులేసుకున్నంత వేగంగా, మొన్నటి రక్తపరీక్ష కాగితం చూసి కూడా వేసుకోలేదు. ఇంట్లో కాఫీ ఆగిపోతుంది, అక్కడ ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ రెండూ ఉంటే మీకు ఉత్సాహం ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు.

పనిమీద నడిస్తే వ్యాయామం కాదని కొందరంటారు. 1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్లకంటే, టికెట్ల కోసం మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లు వ్యాయామం చేద్దామని మెట్లెక్కలేదు. ఎందుకు ఎక్కుతున్నావని ఒళ్లు అడగదు.

కొత్త బూట్లు కొనకండి. కొన్నరోజే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది, మిగతా సగం అక్కడే ఆగిపోతుంది. రోజూ వేసుకునే చెప్పులు పాదానికి సరిగ్గా ఉంటే చాలు. కానీ షుగరున్నవాళ్లు ఒట్టికాళ్లతో గడప దాటొద్దు. పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకి తుమ్మముల్లు దిగినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఇంటికి రాగానే అరికాలు తిప్పి వెలుతురులో చూసుకోండి.

తెల్లవారుజామున లేవకండి. ఇది విని పెద్దలు నొచ్చుకుంటారని తెలుసు. కానీ 2018 ఆగస్టులో మా దివిసీమలో పాముకాట్లు ఎంత పెరిగాయో, అవనిగడ్డ ఆస్పత్రికి ఎంతమందిని మోసుకెళ్లారో ఇక్కడివాళ్లు మర్చిపోలేదు. వానాకాలం చీకట్లో గట్లమీద గడ్డిలో అడుగుపెట్టి సంపాదించే ఆరోగ్యం నాకు వద్దు, మీకూ వద్దు. వెలుతురున్నప్పుడే వెళ్లండి, చీకటి పడితే టార్చిలైటు వేసుకుని రండి.

అడుగులు లెక్కపెట్టకండి. పదివేల అడుగులన్న లెక్క ఏ వైద్యశాస్త్రంలోంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరుకి పెట్టిన పేరది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. అంటే రోజుకి ఇరవై రెండు నిమిషాలు. అదైనా ఒక్క విడతలోనే చేయాలని లేదు, పదీ ఐదూ ముక్కలు కలిసినా లెక్కకొస్తాయి. ఓ మోస్తరు అంటే ఎంతో తెలుసుకోవడానికి మీటరెందుకు? పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అందుకే కబుర్లు చెప్పే మనిషిని వెంటబెట్టుకోండి. మినుముల ధర గురించి మాట్లాడండి, ఆరోగ్యం గురించి వద్దు.

కుర్రవాళ్లను చూసి స్ఫూర్తి తెచ్చుకోకండి. మా ఊళ్లో జలక్రీడల అకాడమీ ఉంది. కృష్ణలో కయాక్‌ల మీద తెడ్లేస్తూ దూసుకుపోయే పిల్లల్ని చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లది పతకం కోసం చేసే సాధన. యాభై దాటిన మనిషి ఆ ఊపులో మొదటిరోజే పరుగందుకుంటే మోకాలు పట్టేసి నెల్లాళ్లు మంచం దిగడు. ఇంకో పది నిమిషాలు నడవగలను అనిపిస్తుండగానే ఇంటికి తిరగండి. రేపటికి కాస్త కోరిక మిగలాలి.

అప్పుడప్పుడు మానేయండి కూడా. వాయుగుండం పట్టి మూడురోజులు ముసురేస్తే ఇంట్లో కూర్చోండి, దానికి బాధపడొద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు 96 మంది మీద చేసిన అధ్యయనంలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. నేను నాలుగుసార్లు మానేసింది నడక తప్పిందని కాదు, తప్పిన సిగ్గుతో మళ్లీ గడప దాటలేక.

పోయిన నెల పెద్దమ్మ గేదె వట్టిపోయింది. ఇక నా నడకా వట్టిపోయినట్టేనని దిగులుపడ్డాను. పెద్దమ్మే కాలవ అవతలి ఇల్లు చూపించింది, ఇంకో అరకిలోమీటరు దూరం. “మాది ఈనేదాకా అక్కడ పోయించుకో. వెళ్తూ వెళ్తూ ఇటు ఓసారి కనపడు. ఈనాక మొదటి జున్నుపాలు నీకే” అంది.