వెళ్లేవాళ్లకు దారి చూపండి

సొంత డబ్బుతో పాడ్‌కాస్ట్ హోస్టింగ్ కంపెనీ పెట్టారు. ఇద్దరే మనుషులు, ఇన్వెస్టర్ లేడు, ఎదురుగా స్పాటిఫై, అమెజాన్ లాంటివాళ్లు. ఎలా ఎదగాలి అని నన్నడిగితే మొదటి సలహా ఇది: కస్టమర్ మిమ్మల్ని వదిలి వెళ్లే బటన్‌ని సెట్టింగ్స్‌లో అన్నిటికంటే పైన పెట్టండి. అది పని చేస్తోందో లేదో నెలకోసారి మీరే నొక్కి చూసుకోండి.

తిక్క సలహా అనిపిస్తుంది. మా సీఏ గారూ అదే మాట అన్నారు. ఆరేళ్లుగా ఇదే పనిలో ఉండి చెబుతున్నాను, మిగతావీ ఇలాగే ఉంటాయి.

పాడ్‌కాస్ట్ అంటే లోపల ఉండేది ఒక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్. ఎపిసోడ్ల పేర్లు, ఆడియో ఫైళ్ల చిరునామాలు వరసగా రాసి ఉన్న ఫైలు. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ లాంటి యాప్‌లు ఆ ఫైలు చదివే, కొత్త ఎపిసోడ్ వచ్చిందని తెలుసుకుంటాయి. షో ఒక హోస్టింగ్ కంపెనీ నుంచి ఇంకోదానికి మారినప్పుడు పాత ఫీడ్ దగ్గర 301 రీడైరెక్ట్ పెట్టాలి. ఇల్లు మారినవాళ్ల ఉత్తరాలను పోస్ట్‌మ్యాన్ కొత్త ఇంటికి చేర్చినట్టన్నమాట. అది లేకపోతే శ్రోతలు పాత గుమ్మం దగ్గరే ఉండిపోతారు. ఈ వ్యాపారంలోకి రాకముందు నాకూ ఒక షో ఉండేది. అప్పటి హోస్ట్, పెద్ద కంపెనీయే, నేను ఖాతా మూసిన మర్నాడే నా ఫీడ్ తీసేసింది. మూడేళ్లుగా వింటున్నవాళ్లు షో ఆగిపోయింది కాబోలు అనుకున్నారు. వాళ్లకు కబురు చేద్దామంటే ఒక్కరి ఫోన్ నంబరూ నా దగ్గర లేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. రీడైరెక్ట్‌కు గడువు పెట్టకండి, దానికి డబ్బులు అడగకండి, కంపెనీ ఉన్నన్నాళ్లూ ఉంచండి. మీకయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ఎదుటివాడు ఉచితంగా ఇస్తున్నా ధర తగ్గించకండి. ట్రాన్సిస్టర్ అనే కంపెనీని చూడండి. 2018లో జస్టిన్ జాక్సన్, జాన్ బ్యూడా అనే ఇద్దరు, ఒకరు కెనడాలో, ఒకరు షికాగోలో ఉండి, బయటి పెట్టుబడి లేకుండా మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే, 2019 ఫిబ్రవరిలో, ఉచిత హోస్టింగ్ ఇచ్చే యాంకర్‌ను స్పాటిఫై కొనేసింది. 2020లో మెగాఫోన్ అనే ఇంకో హోస్టింగ్ కంపెనీని 23.5 కోట్ల డాలర్లకు కొంది. ట్రాన్సిస్టర్ వాళ్లు మాత్రం ఉచిత ప్లాన్ జోలికి పోలేదు. నెలకు 19 డాలర్లు కట్టించుకున్నారు, ఆ డబ్బుకే ఎన్ని షోలైనా పెట్టుకోమన్నారు. షోకో చందా అంటే రెండో షో పెట్టాలనుకునేవాడు వెనకాడతాడు. వీళ్ల దగ్గర ఆ బెరుకు లేదు. నాకు ఈ వ్యాపారంలో అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం అదే. ఇక యాంకర్ అంటారా, తర్వాత దాని పేరే రెండుసార్లు మారింది.

వినే యాప్ మీరు తయారుచేయకండి. గూగుల్ అంతటిదే తయారుచేసి, 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూసేసింది. ఫీడ్‌లు వేరేచోట ఉన్నాయి కాబట్టి షోలు బతికాయి.

చెడు వార్త మీ నోటే ముందు చెప్పండి. 2023 సెప్టెంబరులో ఐఫోన్లలో ఐఓఎస్ 17 వచ్చాక, కొన్నాళ్లు వినడం ఆపి మళ్లీ మొదలుపెట్టిన శ్రోత ఫోన్లోకి ఆ మధ్యలో వినని ఎపిసోడ్లన్నీ వాటంతటవే దిగడం ఆగిపోయింది. చాలా షోల డౌన్‌లోడ్ లెక్కలు పడిపోయాయి. లెక్క తగ్గిందని కస్టమర్ గుండె జారకముందే, శ్రోతలు పోలేదు, లెక్కించే తీరు మారిందని మెయిల్ పెట్టాలి. డబ్బు కట్ అయ్యే విషయంలోనూ అంతే. ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు బ్యాంకు తెలియజేయాలని రిజర్వ్ బ్యాంకు నియమం. వార్షిక చందాకు మీరు వారం ముందే చెప్పండి. మరిచిపోయినవాళ్ల డబ్బుతో కంపెనీ నడపకూడదు.

సపోర్ట్ పని ఎవరికీ అప్పగించకండి. ఎంత చిన్న కస్టమరైనా ఫోన్ మీరే ఎత్తండి. తెనాలి దగ్గర ఒక రిటైర్డ్ తెలుగు టీచర్‌గారు వారానికో భాగవత కథ చెబుతారు. ఒకరోజు ఫోన్ చేశారు.

"బాబూ, ఆపిల్ వాళ్లు నా బొమ్మ ఒప్పుకోవట్లేదట. మావాడు మంచి కెమెరాతోనే తీశాడు."

కవర్ బొమ్మ నలుచదరంగా, 1400 నుంచి 3000 పిక్సెళ్ల లోపు ఉండాలి. ఆవిడది 4000 పైన ఉంది. నేనే తగ్గించి ఎక్కించాను. ఆ తర్వాత ఆడియో చూస్తే, అరగంట కథ 317 ఎంబీల వేవ్ ఫైలు.

"టీచర్‌గారూ, మాట్లాడేది మీరొక్కరే కదా, స్టీరియో ఎందుకండీ? మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3 చేద్దాం."

చేస్తే 14 ఎంబీలకు వచ్చింది. ఊళ్లో సిగ్నల్ ఒక్క గీత ఉన్నా దిగుతుంది. అప్పుడే ఆవిడ ప్లాన్ కూడా చూశాను. అవసరానికి మించినది తీసుకున్నారు. చిన్నదానికి మార్చి తేడా డబ్బులు వెనక్కి పంపాను. మా పార్ట్‌నర్ ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి లెక్కల షీటు రెండుసార్లు తెరిచాడు. ఆ నెల మాకు నిజంగానే కష్టంగా ఉంది. అయినా ఆ పని మళ్లీ చేస్తాను, మిమ్మల్నీ చేయమంటాను. తన డబ్బు కాపాడిన మనిషి గురించి ఆవిడ ఇంకో నలుగురు టీచర్లకు చెబుతారు. మా కస్టమర్లలో సగానికి పైగా అలా వచ్చినవాళ్లే.

గత వేసవిలో ఆవిడే మళ్లీ ఫోన్ చేశారు. మనవడు ఎక్కడో ఉచితంగా ఇస్తారని చూశాడట, వెళ్తానన్నారు. చెప్పడానికి ఇబ్బంది పడ్డారు కూడా. ఫోన్లోనే ఉండి, కొత్తచోట ఖాతా తెరిపించి, ఎపిసోడ్లన్నీ వచ్చాయో లేదో ఒక్కొక్కటీ చూసి, మా వైపు రీడైరెక్ట్ పెట్టాను. గంటన్నర పట్టింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆవిడ ఫోను.

"బాబూ, కొత్త కథ ఫోన్లో వచ్చింది. మరి ఆ మోనో ఇక్కడెలా చేయాలి?"

"ఉండండి టీచర్‌గారూ, కంప్యూటర్ ముందుకు వస్తున్నాను."