‘వచ్చే ఏడు సూస్తాం’ – టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

2025 జూన్ నెలాఖరు. ఐపీఎల్ ముగిసి మూడు వారాలు దాటింది. చిత్తూరు శివార్లలో ఒక గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అడుగు కాయలు నలిగి, ట్రాలీ సందుల్లోంచి రసం కారి, చెప్పులు రోడ్డుకు అతుక్కుంటున్నాయి. ఆ వరుసలో ఒక మడ్‌గార్డు మీద పసుపు టీషర్టు రైతు కూర్చున్నాడు. టీషర్టు వీపున 7 అంకె ఉతికి ఉతికి వెలిసిపోయింది. పక్కన ఎర్ర టోపీ పెట్టుకున్న మేనల్లుడు. బెంగుళూరులో కొలువు, కాయల కోసం సెలవు పెట్టి వచ్చాడు. టీ పోసే కుర్రాడి సెల్‌ఫోను కవరు నారింజ రంగుది. పసుపు చెన్నైది, ఎరుపు బెంగుళూరుది, నారింజ హైదరాబాదుది. ఈ మూడు రంగుల సన్నిధిలో, సగం టీ తాగాక, రైతు ఈ వాక్యం పలికాడు.

మూలం

“ఈసారికి అయిపాయ గదప్పా! మనోడు మళ్లా వస్తాడో రాడో. సరేలే, వచ్చే ఏడు సూస్తాం.”

సూత్రమన్నది క్లుప్తంగా ఉండాలి, సందేహానికి తావివ్వకూడదు అని పెద్దల మాట. ఇది క్లుప్తంగానే ఉంది. సందేహం తప్ప ఇందులో వేరే సరుకు లేదు. అయినా సూత్రమనే గ్రహించాలి.

పాఠాంతరాలు

నగరి ప్రతిలో ‘మనోడు’ అన్నచోట ‘తల’ అని ఉంది. అది అరవం, నాయకుడని భావం. తెలుగు తలకూ ఆ భావం చెల్లుతుంది గనుక దిద్దలేదు. పలమనేరు ప్రతిలో ‘మళ్లా వస్తాడో రాడో’ అన్న భాగమే లేదు. అక్కడివారికి ఆ ఏడు ఆ అవసరం పడలేదు. తిరుపతి యూనివర్సిటీ హాస్టల్ ప్రతిలో చివర ‘అంతే మామా’ అని అదనంగా కనిపిస్తుంది. అది ప్రక్షిప్తం.

ప్రతిపదార్థం

ఈసారికి = మార్చి 22న మొదలై, సరిహద్దు ఉద్రిక్తతల వల్ల మే 9న ఆగి, 17న మళ్లీ సాగి, జూన్ 3న అహ్మదాబాదులో ముగిసిన పద్దెనిమిదో ఐపీఎల్ వరకు. ‘ఈసారి’ అని ఊరుకోక ‘ఈసారికి’ అనడంలో ఉంది మర్మం. ముగిసింది ఇది ఒక్కటేనని, మిగిలినవన్నీ చేతిలోనే ఉన్నాయని ఆ ‘కి’ చెబుతోంది.

అయిపాయ = ముగిసెను అని వాచ్యార్థం; పరువు పోయెను అని ధ్వని. ఐదు కప్పులు గెలిచిన చెన్నై జట్టు పద్నాలుగు ఆటల్లో నాలుగే గెలిచి పదో స్థానంలో, అనగా అట్టడుగున నిలిచింది. దాని చరిత్రలో ఇలా జరగడం ఇదే మొదలు. రుతురాజ్ గైక్వాడ్ మోచేతి దెబ్బతో తప్పుకొంటే ధోనీ మళ్లీ కెప్టెన్సీ ఎత్తుకున్నాడు. ఏప్రిల్ 11న సొంత చేపాక్‌లో కోల్‌కతా మీద జట్టంతా కలిసి చేసింది 103. ఆ లెక్కను కోల్‌కతా పదకొండో ఓవర్లోనే తేల్చేసింది. ‘అయిపాయ’ అన్న నాలుగక్షరాల్లో ఇదంతా అణిగి ఉంది.

గదప్పా = కదా నాయనా. ఎదుట ఉన్నది మేనల్లుడు. నిరుడైతే ‘గదరా’ అనేవాడు. ఈ ఏడు అల్లుడి జట్టు కప్పు కొట్టింది కాబట్టి రా-కారం లోపించి అప్పా-కారం ఆదేశమైంది. ఓడిన మేనమామకు మర్యాద దానంతట అదే పుట్టుకొస్తుందనడానికి ఇదే ప్రయోగం.

మనోడు = కష్టపదం. ఇది పుట్టుకను బట్టి వచ్చిన మాటా? ధోనీది రాంచీ, కోహ్లీది ఢిల్లీ, సన్‌రైజర్స్ కెప్టెన్ కమిన్స్‌ది ఆస్ట్రేలియా. పుట్టుకే ప్రమాణమైతే గుంటూరు షేక్ రషీద్‌ను మనోడనాలి. ఏప్రిల్ 14న లక్నోలో చెన్నై తరఫున తొలిసారి దిగి 19 బంతుల్లో 27 కొట్టాడు. విశాఖ నితీశ్ కుమార్ రెడ్డిని అనాలి. మెల్‌బోర్న్‌లో సెంచరీ చేసి వచ్చి ఆ జనవరిలోనే తిరుమల మెట్లు మోకాళ్ల మీద ఎక్కాడు. హైదరాబాదు పిల్లలైన తిలక్ వర్మ ముంబయికి, సిరాజ్ గుజరాత్‌కు ఆడుతున్నారు. కనుక జన్మ ప్రమాణం కాదు.

భాషా? అదీ కాదు. అదే అయితే జిల్లా మొత్తం హైదరాబాదు జట్టుకే జై కొట్టాలి. ఇక్కడ ప్రమాణం బస్సు. జబ్బు చేస్తే వేలూరు, పెళ్లి చీరకు కంచి, కొలువుకు బెంగుళూరో శ్రీపెరుంబుదూరో. మద్రాసుకైనా బెంగుళూరుకైనా పొద్దున పోయి రాత్రికి ఇంటికొచ్చి తినొచ్చు. హైదరాబాదుకు మాత్రం వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పోవాలి. అందుకే నగరి, పుత్తూరు, సత్యవేడు పక్క పసుపు. కుప్పం, పలమనేరు, వి.కోట పక్క ఎరుపు. చిత్తూరు టౌనులో ఒకే ఇంట్లో రెండూ. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలు కలిపి 1911లో చేసిన జిల్లా ఇది. తిరుత్తణి 1960 దాకా ఇందులోదే. హద్దులు గీసినవారు గీశారు, బస్సులు మాత్రం పాత దారినే పోతున్నాయి.

తిరుపతి పసుపువారికి ఇంకొక ప్రమాణం ఉంది. 2023లో గెలిచిన కప్పును చెన్నై యాజమాన్యం టి.నగర్‌లోని తిరుపతి దేవస్థానం గుడికి తీసుకెళ్లి స్వామి ముందు పెట్టింది. ‘మనోడు కాకపోతే మన స్వామి దగ్గరికెందుకొస్తాడు’ అన్నది వారి వాదం. దీనికి జవాబు చెప్పగలిగినవాడు ఇంకా దొరకలేదు.

మళ్లా = మరల. ఈ మాట వల్ల ఇదే ప్రశ్న ఇంతకుముందూ పుట్టిందని తెలుస్తోంది. 2020లో టాస్ దగ్గర అడిగితే ఇది చివరిది కాదని ధోనీ నవ్వేశాడు. 2023లో కప్పు గెలిచి, ఇప్పుడే చాలించడం సులువు గానీ అభిమానుల కోసం ఇంకో ఏడు ప్రయత్నిస్తానన్నాడు. ఆ ‘ఇంకో ఏడు’ ఎన్నేళ్లో లెక్క ఎవరూ అడగలేదు.

వస్తాడో రాడో = మే 25న గుజరాత్ మీద 83 పరుగులతో గెలిచిన ఆఖరి ఆట తర్వాత ధోనీ స్వయంగా చెప్పినదానికి ఇది ప్రతిధ్వని. ముగిసిందని చెప్పను, వస్తాననీ చెప్పను, తేల్చుకోవడానికి నాలుగైదు నెలలుంది, రాంచీ పోయి బైకులు తిప్పుకుంటానన్న భావంతో మాట్లాడాడు. ఉపనిషత్తులు ‘ఇది కాదు, ఇది కాదు’ అంటూ పరతత్త్వాన్ని చెప్పిన పద్ధతి ఇదే. ఇంకొక చోద్యం వినండి. ఐదేళ్లుగా దేశం తరఫున ఆడనివాణ్ని అన్‌క్యాప్డ్‌గా లెక్కించే నియమాన్ని మళ్లీ తెచ్చి ధోనీని 4 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. ప్రపంచకప్పులు గెలిపించిన కెప్టెన్ కాగితాల మీద ఇంకా టోపీ అందుకోని కుర్రాడు. కుర్రాడన్నాక ‘మళ్లా వస్తాడా’ అని అడగడంలో తప్పేముంది?

సరేలే = అంగీకారమూ కాదు, తిరస్కారమూ కాదు. ఆ నెలలోనే తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి 12 అని తేల్చినప్పుడూ ఈ రైతు ఈ మాటే అన్నాడు. నిరుటి గుజ్జే డ్రమ్ముల్లో మిగిలి ఉంటే కొత్త కాయకు ధర ఎక్కడిది? పైగా తోతాపురికి మనవైపు వాడుక పేరు బెంగళూరా. ఆ ఏడు బెంగుళూరు గెలిచింది, బెంగళూరా ఓడింది. రైతు రెండు చోట్లా నష్టపోయాడు.

వచ్చే ఏడు = ఇందు శ్లేష. ఏడు అనగా సంవత్సరం. రాబోయే ఏడాదిలో అని ఒక అర్థం. ఏడు అనగా సంఖ్య. తిరిగి వచ్చే 7వ నంబరు చొక్కాను అని రెండో అర్థం. జూలై 7న పుట్టినవాడికి ఆ అంకె. భారత జట్టు దాన్ని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది కనుక వస్తే ఆ ఒక్క ఏడే రావాలి. ఏడు అనగా ఏడువుము అని విధ్యర్థకం. పదో స్థానాన్ని తలచుకుని ఏడవమని అల్లుడికి తోచిన మూడో అర్థం. దాన్ని వక్త ఒప్పుకోడు.

సూస్తాం = చూచెదము. ఆడతాం అనలేదు, గెలుస్తాం అనలేదు. మన వంతు చూడడమే అన్న ఎరుక ఈ క్రియలో ఉంది.

తాత్పర్యం

ఈ సీజను పోతే పోయింది. ధోనీ సంగతి ధోనీకే తెలియదు. అయినా మార్చిలో టీవీ పెట్టక తప్పదు అని భావం.

విశేషాలు

ఎర్రపక్షం: బెంగుళూరు కథలో హైదరాబాదు పాత్రను పూర్వ వ్యాఖ్యాతలు చాలినంతగా గుర్తించలేదు. 2009 ఫైనల్లో డెక్కన్ ఛార్జర్స్ చేతిలో ఆరు పరుగుల తేడాతో ఓడింది. 2011లో చెన్నై చేతిలో. 2016లో సొంతగడ్డ మీద సన్‌రైజర్స్ చేతిలో ఎనిమిది పరుగులతో. అనగా మూడు ఫైనల్ ఓటముల్లో రెండు తెలుగువారి ఖాతావే. చివరికి 2025లో పంజాబ్ మీద 190 కొట్టి, 184 దగ్గర ఆపి, అదే ఆరు పరుగులతో గెలిచింది. ఆఖరి ఓవర్లో శశాంక్ సింగ్ సిక్సర్లు బాదుతుండగానే కోహ్లీ కళ్లు తుడుచుకున్నాడు. పద్దెనిమిదో నంబరు చొక్కాకు పద్దెనిమిదో ఏట కప్పు దొరికింది.

మర్నాడు చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురిని పోగొట్టుకున్న తిరుపతికి ఆ వార్తకు వేరే అర్థం చెప్పనక్కర లేదు. దీనికి టీక రాయకూడదు. బాధ్యులెవరన్నది మాత్రం అడుగుతూనే ఉండాలి.

నారింజపక్షం: సన్‌రైజర్స్ తొలి ఆటలో 286, చివరి ఆటలో 278 కొట్టింది. మధ్యలో అభిషేక్ శర్మ 141తో 246 లక్ష్యాన్ని ఊదేశాడు. ఇంతచేసి ఆరో స్థానం. మొదలూ చివరా సరిగా ఉండి నడుమ పాదాల్లో గణాలు తప్పిన పద్యమిది. టీ కుర్రాడు దీన్నంతా విని ‘కప్పు కాదన్నా, స్కోరు సూడు’ అన్నాడు. ఇది మూడో మతం.

దేశాంతర మతం: అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఓడినవాడికి ఊరట ఉంది. 2025లో అట్టడుగు మూడు జట్లకూ కొత్త కుర్రాళ్లలో మొదటివాణ్ని ఎంచుకునే లాటరీలో తలా 14 శాతం అవకాశమిచ్చారు. ఆ ఏడే డాలస్ జట్టు తన కంటిపాపలాంటి లూకా డాన్సిచ్‌ను ఫిబ్రవరిలో లాస్ ఏంజెలస్‌కు పంపేసి అభిమానుల తిట్లు తింది. మే నెలలో 1.8 శాతం అవకాశంతోనే లాటరీ కొట్టింది. ఐపీఎల్‌లో ఇలాంటి పరామర్శ లేదు. పదో స్థానంవాడూ ఒకటో స్థానంవాడూ వేలంలో ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. కాబట్టి మనకు మిగిలిన ఊరట మూలవాక్యమే.

పూర్వపక్షం

‘ఇదంతా వృథా ప్రయాస. నవంబరు 15న అట్టిపెట్టుకున్నవారి జాబితాలో ధోనీ పేరు వచ్చింది. ప్రశ్న తీరింది. తీరిన ప్రశ్నకు టీక దేనికి?’ అని ఒకరు.

సిద్ధాంతం

తీరలేదు. ఆ జాబితా రోజునే ఇంకొక వార్త వచ్చింది. రవీంద్ర జడేజాను, సామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను చెన్నై తెచ్చుకుంది. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకు పది పరుగులు కావాలంటే ఒక సిక్సు, ఒక ఫోరు కొట్టి కప్పు తెచ్చినవాడు జడేజా. మూలవాక్యం మళ్లీ చదవండి. మనోడు వస్తాడో రాడో అని అడిగారు. మనోడు పోతాడా అని ఎవరూ అడగలేదు. ‘మనోడు’ ఏకవచనంలో ఉండడమే దోషమైంది. ఒక్కడి రాక కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే పెరటి వాకిలి నుంచి ఇంకొకడు వెళ్లిపోయాడు.

ఎర్రపక్షం సంగతీ అంతే. ఏళ్ల తరబడి ‘ఈ సాల కప్ నమ్దే’ (ఈ ఏడు కప్పు మనదే) అని అరిచి అరిచి ఎదుటివారి వెక్కిరింతలతోనే బలిసిన పక్షం అది. కప్పు వచ్చాక ఆ నినాదానికి పని లేకపోయింది. కొన్ని నెలలు అల్లుడికి ఏం మాట్లాడాలో తోచలేదు. అంతలో నవంబరులో యజమాని సంస్థ ఆ జట్టు మీద పెట్టిన పెట్టుబడిని సమీక్షిస్తామని, అమ్మకానికీ సిద్ధమేనన్నట్టు ప్రకటించింది. కప్పు మనదే సరే, జట్టు ఎవరిది? అల్లుడికి మళ్లీ మాట వచ్చింది.

కనుక సీజను చివర మిగిలే ప్రశ్న తీరేది కాదు, చేతులు మారేది. ఓడినవాడి దగ్గర నుంచి గెలిచినవాడి దగ్గరకు, వస్తాడా దగ్గర నుంచి పోయాడా దగ్గరకు. అది ఎవరి చేతిలో ఉంటే ఆ ఏడాది జట్టు వాడిదే, ఆట చూసే హక్కూ వాడిదే. ‘సూస్తాం’ అన్న బహువచనం సార్థకమైంది ఇక్కడే.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను వేలానికి ముందొకసారి, తొలి టాస్‌కు ముందొకసారి పారాయణ చేసిన పసుపువారికి ఓర్పు, ఎరుపువారికి వినయం, నారింజవారికి చివరి ఓవర్లు వేయగల బౌలర్లు సిద్ధించుగాక.