కెమెరా ఎటు తిరగాలి?

దొంగ అంటే మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో రూపం. నాయన లెక్కలో దొంగంటే హైవే మీద నుంచి దిగొచ్చేవాడు. చెన్నై–కోల్‌కతా రోడ్డు మా మనుబోలును రాసుకుంటూ పోతుంది గనక ఆయన భయం ఆయనది. అమ్మకు దొంగంటే మునక్కాయలు కోసుకుపోయేవాడు. మా ఆవిడకు, గేటు ముందు చెత్త పోసిపోయే మనిషి. పిలకాయలకు, బంతి తిరిగివ్వని పక్కింటి తాత. కొనాలనుకున్న కెమెరా మాత్రం ఒకటే.

గూడూరులో అంగడి అబ్బాయి మెగాపిక్సెళ్ళతో మొదలెట్టాడు. వాటి సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఎవరి మొహం, ఎంత దూరాన చూడాలన్నది. 2.8 మిల్లీమీటర్ల లెన్సయితే వాకిలి, మునగచెట్టు, గేటు, ఎదురింటి బర్రె అన్నీ పడతాయి. గేటు దగ్గర మనిషి మొహం మాత్రం కందిగింజంత. 6 మిల్లీమీటర్లదైతే వాడి పుట్టుమచ్చ కూడా కనిపించొచ్చు, మునగచెట్టు మాయం.

“మునక్కాయలు పోతుంటే వాడి పుట్టుమచ్చతో నాకేం పని అబ్బయా?” అంది అమ్మ. లెన్సు ఖరారైపోయింది.

తర్వాత ఐపీ67 పురాణం. మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్ళకు. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి చుక్క పోదట. “అరగంటేనా? వాయుగుండం పడితే మా వాన మూడు రోజులు వదలదే” అన్నాడు నాయన. ఆయనకు వాన సంగతి తెలుసు గానీ సాలెపురుగు సంగతి తెలీదు. లెన్సు ముందు అది గూడు కట్టిందా, రాత్రిపూట కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు పోగుల మీద పడి బొమ్మంతా తెల్లబోతుంది. గాలికి పోగు ఊగినప్పుడల్లా ఎవరో కదిలారంటూ ఫోను మోగుతుంది. అందుకే కెమెరాను దొంగ చేతికి అందనంత పైన, మన చీపురుకు అందేంత కింద పెట్టాలి. ఈ ఎత్తు ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

అసలు ఇంటికి కెమెరా అన్న ఆలోచనకు పేటెంటు తెచ్చుకున్నది న్యూయార్క్‌లో ఒక నర్సు, మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. వేళకాని వేళ డ్యూటీలు, పిలిస్తే తొందరగా రాని పోలీసులు. 1966లో భర్తతో కలిసి దరఖాస్తు పెడితే 1969లో పేటెంటు వచ్చింది. తలుపుకు పైనా కిందా రంధ్రాలు, వాటి వెనక కదిలే కెమెరా. వచ్చినవాడు పొడుగైనా పొట్టైనా దొరుకుతాడు. ఆవిడ పని సులువు. చూడాల్సింది ఒక్క తలుపే, మునగచెట్టు లేదు.

మేం కెమెరా కొనడమే దండగ ఖర్చని నాయన వాదన. మన ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉందిగా! యాప్‌లో ఇల్లు నమోదు చేసుకుని, ఊరికి పోతున్నామని చెబితే వాళ్ళే వచ్చి తాళమేసిన ఇంట్లో కెమెరా పెడతారు, పైసా తీసుకోరు.

“దానికి ముందు మనం ఊరికి పోవాలి గదా మామయ్యా” అంది మా ఆవిడ, నా వైపు చూస్తూ. నేను అంగడి అబ్బాయికి డబ్బులు కట్టేశాను. ఊళ్ళు తిప్పడం కంటే అదే చవక.

బిగించాక పక్కింటి తాత వచ్చి, తన వాకిలి పడటం లేదని ఫోనులో చూసుకుని మరీ పోయాడు. బంతి ఇవ్వలేదు.

మొన్న నెల్లూరులో పెళ్ళికి బయల్దేరుతుంటే అమ్మ గడప దగ్గర ఆగింది. “అబ్బయా, ఆ కెమెరా పీకి బీరువాలో పెట్టరా. మనం లేనప్పుడు ఎవడన్నా ఎత్తుకుపోతే?”