మావాడి పొట్టకి ఆనుకుని

నేను 1962 నాటి ఫెండర్ టెలికాస్టర్‌ని. పుట్టిల్లు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్. మెట్టినిల్లు ఇంగ్లండులో, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట. నల్లటి ఒళ్ళు, దానిమీద ఎర్రటి పలక. మా జాతి గిటార్లు మూడు, మూడున్నర కిలోలు తూగుతాయి. ఈ బరువు లెక్క కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనిపడుతుంది.

నన్ను మెడలో వేసుకున్నవాడి అసలు పేరు జాన్ విల్కిన్సన్. దాన్నే తిరగేసి విల్కో జాన్సన్ అని పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఎప్పుడూ ‘మావాడే’. పెరిగింది కాన్వీ దీవిలో. సముద్రమట్టానికి కిందుగా ఉన్న నేల అది. 1953 ఉప్పెనలో అక్కడ 58 మంది పోయారు, అప్పటికి మావాడికి ఐదేళ్ళు. చుట్టూ బురద, చమురు ట్యాంకులు. అక్కడి కుర్రాళ్ళు అమెరికా మిసిసిపీ డెల్టా పాటలు విని విని, మనదీ డెల్టాయే కదా అని తీర్మానించుకున్నారు.

మావాడిది ఎడమచేతి వాటం. అయినా నన్ను కుడిచేత్తోనే వాయించాడు. తీగలు మీటే పిక్ ముట్టేవాడు కాదు. వట్టి వేళ్ళతో తీగల్ని నరికినట్టు కొట్టేవాడు. వేళ్ళు చిట్లి రక్తం కారిన రాత్రులున్నాయి. నా పలక ఎర్రటిది కాబట్టి కింద కూర్చున్నవాళ్ళకి తెలిసేది కాదు. రిథమూ లీడూ కలిపి ఒక్క చేత్తోనే లాగించే ఆ పద్ధతి పైరేట్స్ గిటారిస్టు మిక్ గ్రీన్‌ది. మావాడు ఆయనకి వీరాభిమాని. అచ్చం ఆయనలా వాయించాలని తంటాలు పడి, కుదరక, ఆఖరికి వేరే ఏదో అయి కూర్చున్నాడు. ఒక అభిమాని ఎలా ఉంటాడో నేను ముందు చూసింది నా యజమానిలోనే.

మధ్యలో న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చదివాడు. పాత ఐస్లాండు గాథల మీద పిచ్చి పట్టింది. చదువయ్యాక రోడ్డు పట్టుకుని మీ ఇండియా దాకా వచ్చాడు కూడా. కరెంటు లేనిదే నోరు పెగలని నాకు ఆ దారిలో పనేముంది? 1971లో డాక్టర్ ఫీల్‌గుడ్ అనే బ్యాండు మొదలైంది. 1976లో ‘స్టుపిడిటీ’ అనే మా లైవ్ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. 1977లో గొడవలై మావాడు బయటికొచ్చేశాడు. ఎవరిది తప్పో నేను చెప్పను, వైర్లు తగిలించిన వాళ్ళందరి ఉప్పూ తిన్నదాన్ని.

స్టేజి మీద మావాణ్ణి చూడాలి. గుడ్లురుముతూ, మెలికల వైరు ఈడ్చుకుంటూ, ఈ చివర్నుంచి ఆ చివరికి చక్రాల మీద ఉన్నట్టు జారేవాడు. ఉన్నట్టుండి నన్ను తుపాకీలా జనం మీదికి గురిపెట్టేవాడు. ఆ చూపు చూసే కాబోలు, ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ వాళ్ళు మూగ తలారి వేషం ఇచ్చారు. ప్రతి రాత్రీ ఆఖరి పాట చక్ బెర్రీ రాసిన ‘బై బై జానీ’. ఆ పాటకి జనమంతా చేతులూపేవాళ్ళు. మావాడి పేరు జానే కదా, అదో సరదా.

ఆ సరదా 2013లో సరదాగా మిగల్లేదు.

అంతకుముందే పొట్టలో గడ్డ తగిలింది. క్లోమానికి కేన్సర్, కోతకు లొంగదు, ఏడాది కూడా కష్టమే అన్నారు. భార్య ఐరీన్‌ని 2004లో కేన్సరే తీసుకుపోయింది కాబట్టి ఆ దారి ఎలా ఉంటుందో మావాడికి చూపించక్కర్లేదు. కీమోథెరపీ వద్దన్నాడు. విచిత్రమేమిటంటే, జీవితమంతా దిగులుతో వేగినవాడు ఆ మాట విన్నాక తేలికపడ్డాడు. చెట్లూ ఆకాశమూ కొత్తగా కనిపిస్తున్నాయని, ఒళ్ళంతా ప్రాణం నిండినట్టుందని విలేకరులకి చెప్పుకున్నాడు. కొద్దిరోజుల్లోనే జపాన్ వెళ్ళి వాయించి వచ్చాడు. మార్చిలో వీడ్కోలు పర్యటన అన్నాడు. టికెట్లు ఇట్టే అయిపోయాయి.

చావుబతుకుల్లో ఉన్నవాడి ముందు నిలబడ్డ జనం ఎలా ఉంటారని మీకు అనుమానం రావచ్చు. నేను ఏడుపు కోసమే ఎదురుచూశాను. ఏడ్చినవాళ్ళున్నారు, కాదనను. కానీ ఎక్కువమంది గంతులేశారు. డెబ్బైల్లో మమ్మల్ని చూసిన బట్టతలలు, వాళ్ళ పిల్లలు. మావాడు తుపాకీ గురిపెడితే ఎదురుగా ఉన్నవాళ్ళు గుండె పట్టుకుని ఒరిగినట్టు నటించేవాళ్ళు. జబ్బు మనిషి కదా అని మెల్లగా చప్పట్లు కొట్టిన పాపాన ఒక్కడూ పోలేదు. ‘బై బై జానీ’ మొదలయ్యేసరికి మాత్రం గాలి మారిపోయేది. అవే చేతులు, అదే ఊపు. ఈసారి నిజంగా వెళ్ళిపోతున్న జాన్‌కి.

నాకు ఒక్కదానికే తెలిసిన సంగతి ఇంకోటుంది. గిటారు వీపు ఎక్కడ ఆనుతుంది? పొట్ట మీదే. నెల నెలకీ ఆ పొట్ట నన్ను ముందుకు తోసేది. వాయిస్తూ తిరిగినప్పుడల్లా గడ్డ నాకు తగిలేది. అది పెరుగుతోంది. పైన చెయ్యి మాత్రం తగ్గడం లేదు. ఈ రెండూ ఎలా పొసగుతాయో ఆలోచించడానికి నాకు తీగలున్నాయి గానీ బుర్ర లేదు. ఆలోచించినవాడు జనంలో ఉన్నాడు.

ఆయన పేరు చార్లీ చాన్. పాటల ఉత్సవాల్లో ఫొటోలు తీయడం సరదా, వృత్తిరీత్యా కేన్సర్ సర్జన్. 2013 వేసవిలో మావాణ్ణి స్టేజి మీద చూశాడు. అందరూ ఎంత ధైర్యమో అని మురిసిపోతుంటే ఆయనకి అనుమానం తగిలింది. మామూలు క్లోమ కేన్సర్ ఇంత వ్యవధి ఇవ్వదు. ఇన్ని నెలలైనా మనిషి స్టేజిని చుట్టబెడుతున్నాడంటే లోపలున్నది వేరే రకమై ఉండాలి. నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ కణితి అనే జాతి ఒకటుంది. స్టీవ్ జాబ్స్‌కి వచ్చింది ఆ రకమే. చాన్ మావాణ్ణి కలిసి, కేంబ్రిడ్జిలోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి సర్జన్ ఇమాన్యుయెల్ యుగే దగ్గరికి దారి చూపించాడు.

నాకు అనిపించేది ఒకటే. మావాడు ఇంట్లో మంచం పట్టి ఉంటే పరామర్శకి పళ్ళు తెచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళు గానీ అనుమానించేవాడు వచ్చేవాడు కాదు. జనం టికెట్లు కొన్నారు కాబట్టి స్టేజి ఎక్కాడు. ఎక్కాడు కాబట్టి ఆ కంట్లో పడ్డాడు. చాన్‌కి దక్కాల్సిన పేరు దక్కింది, సంతోషమే. మిగతా ఆ వేలమంది తాము వైద్యం చేస్తున్నామని తెలియకుండానే గంతులేశారు.

ఈలోగా నవంబరులో రాక్ గాయకుడు రోజర్ డాల్ట్రీతో ఒక ఆల్బమ్ కూడా అయింది, ‘గోయింగ్ బ్యాక్ హోమ్’. వారం రోజుల పని. ఇదే ఆఖరిదనుకుని వాయించిన చెయ్యి ఎంత హుషారుగా ఉంటుందో వినదలచుకుంటే అందులో వినొచ్చు. 2014 మార్చిలో విడుదలై మూడో స్థానం దాకా వెళ్ళింది.

2014 ఏప్రిల్ 30న ఆపరేషన్. తొమ్మిది గంటల పైనే. క్లోమం, ప్లీహం, జీర్ణాశయంలో కొంత, పేగుల్లో కొంత తీసేశారు. బయటికొచ్చిన కణితి మూడు కిలోలు. నా బరువంత అన్నమాట! ఏడాదికి పైగా ఆ పొట్టకి బయట నేను, లోపల అది. మధ్యలో మావాడు నవ్వుతూ తిరిగాడు.

అక్టోబరులో ఒక బహుమతి సభలో, నా కేన్సర్ పోయింది అని ప్రకటించాడు. పేపర్లన్నీ పండగ చేసుకున్నాయి. ఇంట్లో సంగతి అంత సులువుగా లేదు. క్లోమం లేని మనిషికి ఇన్సులిన్ తప్పదు, తిన్నది అరగడానికి మాత్రలు తప్పవు. పైగా చావుకి సిద్ధపడ్డప్పుడు వదిలేసి వెళ్ళిన పాత దిగులు, బతుకు ఖాయమయ్యాక తిరిగొచ్చి తన గది తాను వెతుక్కుంది. బతికి బట్టకట్టాక మళ్ళీ కరెంటు బిల్లుల గురించి ఆలోచించడానికి మావాడికి కొంతకాలం పట్టింది. ఆ నెలల్లో నేను ఎక్కువగా పెట్టెలోనే ఉన్నాను.

తరవాత మళ్ళీ మెడకెక్కాను. 2017లో డెబ్బై ఏళ్ళ పండగ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో జరిగింది. 2018లో ‘బ్లో యువర్ మైండ్’ వచ్చింది. చచ్చిపోతానని తెలిసిన రోజుల గురించి అందులో పాటలు కట్టాడు. ఆ కచేరీల్లో నాలాంటి నల్ల గిటార్లు ఇంకా ఉండేవి, ఏ రాత్రి ఎవరి వంతు అన్నది మా ఇంటి గుట్టు.

2022 అక్టోబరు 18న లండన్ షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో ఆఖరి కచేరీ. నవంబరు 21న ఇంట్లోనే పోయాడు. 75 ఏళ్ళు. ఎనిమిదేళ్ళ పైచిలుకు అదనంగా దొరికిన బతుకు. ఆ అదనపు ఏళ్ళలోనూ కచేరీ చివర అదే పాట, జనం అవే చేతులూపడం. 2013లో వీడ్కోలు అని టికెట్టు కొన్నవాళ్ళు చాలామంది మళ్ళీ వచ్చారు. వాళ్ళలో ఒక్కరైనా, మమ్మల్ని మోసం చేశావు, మా డబ్బు వాపసివ్వు అని అడగలేదు.