ఖాళీ సంజీవని: ఒక సర్క్యులరుకు టీకా తాత్పర్యం

మూలం: సకల యంత్రములందును ప్రతిదినము ప్రాతఃకాలమున డిస్కులయందలి ఖాళీ పరిశీలింపబడి నివేదింపబడవలెను.

అవతారిక. ఈ ఏకవాక్య మహాకావ్యం మెయిన్‌ల్యాండ్‌లోని ఒక కార్యాలయంలో పుట్టి, సముద్రం దాటి అండమాన్‌లోని హోప్ టౌన్ చేరింది. ఏ కార్యాలయమో అడగకూడదు, చెప్పకూడదు. వచ్చిన నాటి నుంచీ గోడకు అంటుకునే ఉంది. ఉప్పుగాలికి సున్నం రాలింది గానీ వాక్యం రాలలేదు. కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాటిచ్చి మరీ కాళిదాసుకు సంజీవని వ్యాఖ్య రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు మొదటి ప్రతిజ్ఞ శిరోధార్యం. రెండోదాని విషయంలో పాఠకుల క్షమ కోరుతున్నాడు.

ప్రతిపదార్థం. సకల యంత్రములందును: స్పష్టం. ప్రతిదినము: స్పష్టం, ఆదివారం సంగతి తప్ప. ప్రాతఃకాలమున: ఇది అంత స్పష్టం కాదు. దేశానికంతటికీ గడియారం ఒకటే గానీ సూర్యుడు ద్వీపాలకు ముందొస్తాడు. వేసవిలో ఇక్కడ ఐదింటికే తెల్లారిపోతుంది. సర్క్యులరు రాసినవారి కిటికీలో అప్పటికింకా చీకటే.

పరిశీలింపబడి: దీనికి సాధనం ‘డీఎఫ్’ అనే రెండక్షరాల మంత్రం. 1971 నాటి యునిక్స్ మొట్టమొదటి కరదీపికలోనే ఉంది. ఒక యంత్రానికైతే రెండక్షరాలు చాలు. గుంపుకైతే, అంటే క్లస్టరుకైతే, పీడీఎస్‌హెచ్, క్లష్ వంటి దండోరాగాళ్ళున్నారు. ఒక్క కేకకు ఊరంతా పలుకుతుంది. ఆ పలకడంలో వరస ఉండదు. ఆ ఊళ్ళో ఒకడు, ఎక్కడో ఆగిపోయిన ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరును నమ్ముకుని ఉంటే, అసలు పలకనే పలకడు. లేదు అనడు, ఉంది అనడు, నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చుంటాడు. నివేదికలో అతని గడి ఖాళీ. ఖాళీని గురించిన నివేదికలో నిజమైన ఖాళీ అదొక్కటే.

ఖాళీ: ఇక్కడ వ్యాఖ్యాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మాట అరబ్బీది, మనకు ఉర్దూ మీదుగా వచ్చింది. పదార్థం మాత్రం తర్కశాస్త్రానిది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. లేకపోవడం కూడా ఒక పదార్థమేనని వైశేషికులు చెప్పగా, ఆయన దాని నాలుగు రకాలనూ పిల్లలకు అర్థమయ్యేలా కుదించాడు. కుండ పుట్టకముందు దాని లేమి ప్రాగభావం: మొదలు లేదు, చివర ఉంది. కుండ పగిలాక లేమి ప్రధ్వంసాభావం: మొదలుంది, చివర లేదు. గాలిలో రంగు లేకపోవడం అత్యంతాభావం. కుండ బట్ట కాకపోవడం అన్యోన్యాభావం. కొత్త డిస్కులోని ఖాళీ మొదటి రకం. ఫైలు చెరిపేశాక మిగిలే ఖాళీ రెండోది. కొత్త డిస్కు కొనడానికి నిధులు మూడోది. చెరిపిన ఫైలును ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకునే ఉంటే? పేరుకు ప్రధ్వంసం జరిగింది, దేహానికి జరగలేదు. ‘డీయూ’ వెతికితే ఆ ఫైలు కనబడదు, ‘డీఎఫ్’ లెక్కలో చోటు తిరిగి రాదు. దినవారాలు అయిపోయినా జీవుడు వసారా వదలనట్టు. డీయూ అంకె డీఎఫ్ అంకె కాదు గనక నాలుగో రకానికీ ఉదాహరణ దొరికింది. అన్నంభట్టు ఈ చెరిగీ చెరగని ఫైలును ఏ అరలో పెట్టేవాడో అని వ్యాఖ్యాత రెండు సాయంత్రాలు ఆలోచించాడు.

ఆ రెండు సాయంత్రాల్లోనూ డిస్కు నిండే ఉంది. చెరిపిన లాగ్ ఫైలును ఒక ప్రోగ్రామ్ పట్టుకు వేలాడుతోంది. వరసగా పదకొండు రోజులు నివేదిక ‘నూటికి నూరు’ అని విన్నవించింది; వరసగా పదకొండు రోజులూ ‘అందినది, ధన్యవాదములు’ అని జవాబొచ్చింది. పన్నెండో రోజు ఫార్మాటు మార్చమన్నారు.

విశేషం. ఒక టెరాబైటని కొన్న డిస్కు 931 గిగాబైట్లని చూపితే దొంగతనం కాదు. అమ్మేవాడు వెయ్యితో, యంత్రం 1,024తో భాగిస్తారు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌లో మామూలుగా నూటికి ఐదు పాళ్ళు రూట్ మహారాజుకు ముందే పక్కన పెడతారు. ఇరవై టెరాబైట్లలో ఒకటి దక్షిణ. చోటు బోలెడుండీ ఫైలుకొకటి చొప్పున కావలసిన ఐనోడ్లు అయిపోతే కొత్త ఫైలు పుట్టదు. పంక్తిలో చోటుంది, విస్తరి లేదు. వీటిలో ఒక్కదానికీ ఫార్మాటులో గడి లేదు.

హోప్ టౌన్‌కు పరిశీలనల సంగతి కొత్త కాదు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయో శిక్షాద్వీపాల తనిఖీ ముగించుకుని, ఆరోగ్యకేంద్రానికి పనికొస్తుందేమోనని మౌంట్ హారియెట్ ఎక్కి, చీకటి పడ్డాక ఈ రేవుకు దిగాడు. ప్రమాదమనుకున్న రాస్, వైపర్ దీవుల్లో కాపలా దండిగా పెట్టారు. హోప్ టౌన్‌లో ఉన్నది సత్ప్రవర్తన ఖైదీలు. మేయో ఒంట్లో కత్తి ఇక్కడే దిగింది. ఆ కత్తి పట్టుకున్న షేర్ అలీ ఆ సత్ప్రవర్తన లెక్కలోనివాడే. క్లస్టర్లలోనూ పెద్ద డిస్కుల మీదే అందరి కళ్ళూ. యంత్రాన్ని పడుకోబెట్టేది మాత్రం ఎవరూ పట్టించుకోని చిన్న టెంప్ విభాగం.

నివేదింపబడవలెను: వ్యాకరణం ప్రకారం కర్మణి ప్రయోగం, అంటే కర్తను దాచే తెర. చూడవలసినవాడెవడు? చూశాక చెరపవలసినవాడెవడు? వాక్యానికి ఆకాంక్ష తీరలేదు. ‘అయిదేళ్ళుగా తెరవనివన్నీ కొట్టేయండి’ అని ఓ ఉత్సాహి అన్నాడు. 2004 డిసెంబరు 26 సునామీ చూసిన ఊళ్ళో అనదగ్గ మాట కాదది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో 2007లో మొదలైన హెచ్చరిక కేంద్రం, భూకంపం ఇక్కడొస్తే అల ఎంత, అక్కడొస్తే ఎంత అని ముందే లెక్కకట్టి దాచుకుంటుంది. నేల కదిలాక మొదటినుంచీ లెక్కకట్టే తీరిక ఉండదు మరి. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని ఫైలు ఆ ఒక్క నిమిషానికే ఉంది. ఏది పనికొచ్చేదో తేల్చడానికి పేరున్న మనిషి ఒకడు కావాలి.

పాఠాంతరం. కొన్ని ప్రతులలో చివర ‘తొలగింపబడవలెను’ అని కూడా ఉందని వినికిడి. వ్యాఖ్యాత గోడ మీది కాగితం ఊడదీసి తిరగేశాడు. వెనకవైపు ఎవరిదో చేతిరాత, క్యాంటీన్ బాకీలు: ఎవరు, ఎంత, ఏ తేదీలోగా, పేరుపేరునా.